మెరిసేది నేల, వంగేది నడుం

మిర్యాలగూడలో మా అక్కావాళ్ళ కొత్తింటి గృహప్రవేశం. ఎవరైనా వచ్చినవాళ్ళను ముందు హాల్లో కూచోబెడతారు. మా బావ మాత్రం ఒక్కొక్కరినీ నేరుగా వంటింట్లోకి తీసుకుపోతున్నాడు. ఆయనకు రైస్‌మిల్లులకు సామాన్లు చేసి బిగించే వెల్డింగ్ షెడ్డు ఉంది. ఆ ఊళ్ళో మిల్లులకు కొదవ లేదు కాబట్టి ఆయన పనికీ కొదవ లేదు. ఏదో మిల్లు పనిలో మిగిలిన స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు తెచ్చి వంటింటి నేలంతా పరిపించాడు. అతుకులు కనపడకుండా పాలిష్ పట్టించాడు. తలుపు దగ్గర నిలబడి చూస్తే పైనున్న ట్యూబ్‌లైట్ కింద కూడా వెలుగుతోంది.

"చూసినవా మరదలా, గ్రానైటంటే అందరిండ్లల్ల ఉంటది. స్టీలు నేల యాడనన్న చూసినవా? తుప్పు పట్టదు, పగలదు, మరక అంటదు. మీ అక్కకు ఇగ జన్మల పని లేదు. ఒక్కసారి గుడ్డ ఏస్తే అద్దమే" అన్నాడు.

కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మా అక్క, "ఆ గుడ్డ ఎవరేస్తరో గూడ చెప్పు" అంది.

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆడవాళ్ళ హక్కుల గురించి పాతికేళ్ళుగా పాఠాలు చెబుతూ, రాస్తూ వస్తున్న నేను కూడా నవ్వాను. అప్పుడు నవ్వి ఊరుకున్నందుకు ఇప్పుడు ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

'ఒక్కసారి గుడ్డ ఏస్తే' అనే మాటను ముందు విప్పి చూద్దాం. స్టీలుకు తుప్పు పట్టకపోవడం మాయ కాదు. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద కంటికి కనపడనంత పలచటి పొరగా ఏర్పడుతుంది. మంచి రకం గిన్నెలకు వాడే 304 స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. గీత పడితే ఆ పొర మళ్ళీ తనకు తానే కట్టుకుంటుంది. అయితే దానికి గాలి తగలాలి, నేల శుభ్రంగా, పొడిగా ఉండాలి. అంటే స్టీలు తనను తాను కాపాడుకోవాలన్నా ఎవరో ఒకరు దాన్ని రోజూ కడిగి తుడవాల్సిందే!

ఎట్లా తుడవాలి? గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం సబ్బు వేసి మెత్తటి గుడ్డతో, రేకు మీది సన్నగీతలు ఏ వైపుకి ఉంటే ఆ వైపుకే తుడవాలి. అడ్డంగా రుద్దితే గీతలు లేస్తాయి. తర్వాత మంచినీళ్ళతో సబ్బు పోయేదాకా ఒకసారి, పొడిగుడ్డతో ఇంకొకసారి. పొడిగుడ్డ వెయ్యకపోతే ఆరిన ప్రతి చుక్కా తెల్లమచ్చ అవుతుంది. ఇనుప పీచు వాడకూడదు, దాని ముక్కలు రేకులో ఇరుక్కుని అవి తుప్పు పడతాయి. ఉప్పునీళ్ళు, పచ్చడి, చింతపండు పులుసు ఒలికితే నిలవనివ్వకూడదు. తెల్లమచ్చలకు నీళ్ళు కలిపిన నిమ్మరసమో వెనిగరో రాసి వెంటనే కడిగెయ్యాలి. నూనె చేతితో తాకినా, తడికాలితో నడిచినా అచ్చు పడుతుంది. తెలుగింటి వంటింట్లో తడికాలు పెట్టకుండా నడిచేదెవరు? మా అక్క లెక్క ప్రకారం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, మొత్తం గంటంబావు. 'ఒక్కసారి గుడ్డ' అంటే ఇదీ.

ఇంకో సంగతి. మిల్లులో స్టీలు రేకు మీద మనుషులు చెప్పులతోనో బూట్లతోనో నడుస్తారు. జారకుండా గరుకు అచ్చులున్న రేకులు వేస్తారు. మన వంటింట్లోకి చెప్పులతో పోము. తడిసిన నున్నటి స్టీలు మీద నీళ్ళ బిందెతో, వేడి గంజి గిన్నెతో వట్టికాళ్ళ మనిషి నడవాలి. పైగా స్టీలు కరెంటును మోస్తుంది. మిక్సీ వైరు ఎక్కడైనా తెగి రేకుకు తగిలితే, ఎర్తింగ్ సరిగా లేకపోతే, తడికాళ్ళతో నిలబడ్డ మనిషి గతేమిటి? బావకు ఇవన్నీ తెలియవా? ఆయన వెల్డింగ్ మనిషి, షెడ్డులో పనివాళ్ళు కరెంటు మిషన్ ముట్టుకునే ముందు కాళ్ళకు చెప్పులున్నాయో లేదో చూస్తాడు. ఇంట్లో చూడలేదు. ఎందుకంటే షెడ్డు పనిచేసే చోటు అని ఆయనకు తెలుసు. వంటిల్లు కూడా పనిచేసే చోటేనని తెలియదు. అది ఆయన దృష్టిలో అక్క ఉండే చోటు, అంతే. ఆ నేల మీద రోజుకు ఆరేడు గంటలు నిలబడబోయే మనిషిని నేల ఎట్లా ఉండాలని ఒక్క మాట అడగలేదు.

ఇది మా బావ ఒక్కడి కథ కాదు. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఇల్లు మట్టినేల. వారానికోసారి పేడనీళ్ళతో అలికేవాళ్ళు, గడపలకు జాజు పూసేవాళ్ళు. మా అమ్మ కాపురానికి వచ్చేనాటికి బండలు పరిచారు. "ఇగ అలుకుడు బాధ లేదు" అన్నారు. నిజమే, అలుకుడు పోయింది. వారానికి ఒకసారి అలికే పని పోయి రోజూ బండలు కడిగే పని వచ్చింది. మొజాయిక్ వచ్చింది, "కడగనక్కర్లేదు, తుడిస్తే చాలు" అన్నారు. రోజుకు రెండుసార్లు తుడుపు వచ్చింది. తర్వాత గ్రానైట్, ఆ తర్వాత తెల్ల టైల్స్. తెల్లటైలు మీద ఒక్క వెంట్రుక పడ్డా కనపడుతుంది. మట్టినేల మీద పడ్డ మెతుకును కోడి ఏరుకుని పోయేది, ఎవరూ ఇల్లాల్ని తప్పుపట్టలేదు. ఇప్పుడు టైలు మీది మెతుకు ఇల్లాలి స్వభావానికి సాక్ష్యం!

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో తన పుస్తకంలో ఇదే చూపించింది. ఇంట్లోకి యంత్రాలు వచ్చిన కొద్దీ పని తగ్గలేదు, శుభ్రత ప్రమాణం పెరిగింది, ఇంట్లో మిగతావాళ్ళు చేసే పనులు తగ్గిపోయి తల్లి పని మిగిలిపోయింది అని. ఆ దేశానికీ మన సూర్యాపేటకూ ఎన్ని తేడాలున్నా ఈ ఒక్క విషయంలో తేడా లేదు. నేల మారినప్పుడల్లా శ్రమ తగ్గుతుందన్న మాట మగవాడి నోటి నుంచో వ్యాపారి నోటి నుంచో వచ్చింది. మెరుపు పెరిగినప్పుడల్లా లెక్క మాత్రం ఆడవాళ్ళే కట్టారు.

మా జిల్లాలో ఈ లెక్కకు నీళ్ళు కూడా తోడయ్యాయి. స్టీలు మీద తెల్లమచ్చ కట్టేది నీళ్ళలోని సున్నం. దాని వల్ల మనిషికి పెద్దగా వచ్చే ముప్పేం లేదు, గుడ్డకు తప్ప. కానీ పాత నల్లగొండ జిల్లాలో బోరునీళ్ళలో కనపడనిది ఇంకోటి ఉండేది, ఫ్లోరైడ్. అది నేల మీద మచ్చ కట్టదు. పళ్ళ మీద కడుతుంది, ఎముకల్లో పేరుకుంటుంది, కీళ్ళు బిగుస్తాయి, వెన్ను వంగడం మానేస్తుంది, లేదా వంగి మళ్ళీ లేవడం మానేస్తుంది. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన మా పెద్దత్తమ్మ నలభై ఏళ్ళకే మెడ తిప్పలేకపోయేది. అయినా రోజూ బండలు తుడిచేది, కూచుని, జరుగుతూ జరుగుతూ. ఆమె నడుం గురించి ఎవరూ మాట్లాడలేదు. బండలు శుభ్రంగా ఉన్నాయని మాత్రం అందరూ మెచ్చుకునేవాళ్ళు.

1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ప్రపంచమంతా పుస్తకాల్లో ఆ పేరు ఉంది. ఇళ్ళల్లో బకెట్లో ఆ పటిక వేసి కలపాల్సింది, తేరుకునేదాకా కాపు కాయాల్సింది, అడుగు మడ్డి పారబొయ్యాల్సింది ఎవరు? పద్ధతికి జిల్లా పేరు వచ్చింది, కలిపిన చేతులకు పేరు లేదు. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నదినీళ్ళు పైపుల్లో వచ్చాయి. అది మంచి పనే, ఒప్పుకోవాలి. కానీ అప్పటికే బిగుసుకున్న వెన్నులు మళ్ళీ సాగలేదు. ఆ వెన్నులు ఇవాళ్టికీ ఎవరింట్లోనో నేల తుడుస్తూనే ఉన్నాయి.

ఇక్కడిదాకా రాసింది మనకు ఇబ్బంది లేని సంగతి. మగవాళ్ళ మీదా, వ్యాపారుల మీదా, నీళ్ళ మీదా కోపం. ఇకపై రాసేది నా గురించి, మన గురించి.

గృహప్రవేశమైన ఏడాదికి అక్క చెయ్యి నొప్పితో పడిపోయింది. ఒకామెను పనికి పెట్టుకుంది. నలభై దాటిన మనిషి. నాలుగిళ్ళల్లో చేస్తుంది. ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. స్టవ్ ముందు తెల్లమచ్చలు గట్టిపడి పోవడం లేదు. సాయంత్రం బావ స్నేహితులు వస్తున్నారు. ఇల్లు కట్టినప్పుడు సిమెంటు మరకలకు తెచ్చిన యాసిడ్ సీసా బాత్రూంలో ఉంది. అక్క అది తీసి ఆమెకు ఇచ్చింది. ఆమె అప్పటికే బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంది. కిటికీ మూసి ఉంది. నేను హాల్లో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను.

ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. మాకు దగ్గు వినపడింది. ఆమె గోడ పట్టుకుని బయటికి వచ్చింది, కళ్ళు తెరవలేకపోతోంది, మాట రావడం లేదు. నీళ్ళిచ్చి, అరుగు మీద కూచోబెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. బతికింది. నాలుగు రోజులు ఆయాసపడి లేచింది.

కానీ చెప్పాల్సింది అది కాదు. ఆమె బయటికి రాగానే, ఆమెను పట్టుకోకముందు, అక్కా నేనూ ఇద్దరం వంటింట్లోకి తొంగి చూశాం. నేల వైపు. స్టీలు మీద ఆ యాసిడ్ పడ్డచోట నల్లటి మచ్చలు లేచాయి. క్లోరైడ్ తగిలితే ఆ కనపడని పొర చిల్లులు పడుతుంది. "అయ్యో" అంది అక్క. ఆ అయ్యో నేల గురించి. రెండు సెకన్లు కూడా ఉండదు. తర్వాత ఇద్దరం ఆమె దగ్గరికి పరుగెత్తాం. అయినా ఆ రెండు సెకన్లను నేను మరిచిపోలేకపోతున్నాను. మా ముందు ఒక మనిషి ఊపిరాడక నిలబడి ఉంటే, చదువుకున్న ఇద్దరు ఆడవాళ్ళం ముందు నేలను చూశాం.

మాకు ఎవరు నేర్పారు ఇట్లా చూడడం? పితృస్వామ్యం అని ఒక్కమాటలో రాసి తప్పించుకోవచ్చు. నేర్పింది అదే. నేర్చుకున్నది మాత్రం మేమే. ఆ నాలుగు రోజుల జీతం కొయ్యకుండా ఇచ్చాం, ఏదో పెద్ద ఉదారం చేసినట్టు. ఆమె మళ్ళీ పనికి రాలేదు.

అది జరిగిన కొన్ని నెలలకు కోదాడలో ఒక మిత్రురాలి ఇంట్లో కలిశాం. పదిమందిమి ఉంటాం. రచయిత్రులు, లెక్చరర్లు, ఇద్దరు రిసెర్చి విద్యార్థినులు. స్త్రీవాద సాహిత్యంలో వంటిల్లు గురించి చర్చ. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి గురించి పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే' కథ మీద ఒకరు చాలా బాగా మాట్లాడారు. విమల 'వంటిల్లు' కవితలో గిన్నెల మీద ఎవరి పేరు ఉందో ఇంకొకరు గుర్తు చేశారు. మా ఇళ్ళల్లో ఇప్పటికీ స్టీలు గిన్నెల మీద చెక్కించేది మగవాళ్ళ పేరేనని నేను అందుకున్నాను. చర్చ వేడెక్కింది.

అప్పుడు ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి బకెట్టు, గుడ్డ పట్టుకుని హాల్లోకి వచ్చింది. "మేడమ్, కాళ్ళు పైకి" అంది. మేం పదిమందిమీ మాట ఆపకుండా కాళ్ళు పైకెత్తాం. ఆమె గొంతుక్కూచుని మా కాళ్ళ కింద తుడుచుకుంటూ పోయింది. మేం కాళ్ళు దించాం. పేరు మరిచిపోయిన ఇల్లాలి గురించి చర్చ సాగింది. ఆ అమ్మాయి పేరు మాలో ఎవరూ అడగలేదు.

మనం సాధించిందేమిటో ఆ ఒక్క క్షణంలో అర్థమైంది నాకు. మనం చదువుకున్నాం, ఉద్యోగాలు చేశాం, రాశాం. నేల దగ్గర వంగే నడుం మనది కాకుండా చేసుకున్నాం. కానీ ఎట్లా? మన పక్కనున్న మగవాడికి సగం పంచి కాదు. మన కిందున్న ఆడమనిషికి మొత్తం దించి. ఇంట్లో గొడవ పడాల్సిన చోట జీతమిచ్చి తప్పించుకున్నాం. భర్తతో పోట్లాడే ఖర్చు కంటే పనిమనిషి జీతం తక్కువ కాబట్టి. ఆమె ఏ కులమో కూడా మనకు తెలుసు, అడగకుండానే. ఆమెకు విడిగా ఉంచిన గ్లాసు ఎన్ని ఇళ్ళల్లో ఉందో కూడా తెలుసు.

ఇది ఏ నేల? సూర్యాపేట ప్రాంతం. దొరల గడీల వాకిళ్ళు ఊడ్చి, బండలు కడిగే వెట్టిని ఎదిరించి 1940లలో ఆడవాళ్ళు కూడా పోరాటంలోకి దూకిన నేల. మల్లు స్వరాజ్యం పుట్టి పెరిగిన నేల. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ ఆడవాళ్ళు చెప్పుకున్న బాధల్లో ఒకటి ఇప్పటికీ గుచ్చుతుంది. పోరాటం ముగిశాక వాళ్ళను ఇంటికి పొమ్మన్నారు. తుపాకి పట్టిన చేతులకు మళ్ళీ చీపురు ఇచ్చారు. గడీ ముందు ఊడిస్తే వెట్టి, ఇంట్లో ఊడిస్తే బాధ్యత! ఆ తేడాను అప్పుడు పార్టీ అడగలేదు. ఇప్పుడు మనం అడుగుతున్నామా?

2003 ప్రాంతంలో సూర్యాపేట మున్సిపాలిటీకి దేశమంతా పేరు వచ్చింది, చెత్తకుండీలు లేని పట్టణమని. తడిచెత్త, పొడిచెత్త ఇంటి దగ్గరే వేరు చేసి బండికి ఇవ్వడం దాని కీలకం. ఎక్కడెక్కడి నుంచో చూడడానికి వచ్చారు. మంచి పనే. మరి ఇంటి దగ్గర వేరు చేసింది ఎవరు? మా వీధిలో ఒక్క మగవాడు తడిబుట్ట పట్టుకుని బండి కోసం నిలబడగా నేను చూడలేదు. రోజుకు ఇంకో పది నిమిషాల పని ఇల్లాలి మీద పడింది. పట్టణం శుభ్రత ఆమె ఉచితశ్రమ మీద నిలబడింది. పురస్కారాల ఫోటోల్లో ఆమె లేదు.

1969లో మియర్లే లాడర్‌మన్ యూకిలీస్ అనే న్యూయార్క్ కళాకారిణి ఒక ప్రకటన రాసింది. పసిబిడ్డ తల్లి ఆమె. తుడవడం, కడగడం, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం, ఇదంతా కళేనని ప్రకటించుకుంది. 1973లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని మ్యూజియం మెట్లనూ నేలనూ జనం చూస్తుండగా గంటల తరబడి కడిగింది. జనం ఆమె కడిగిన చోటే తొక్కుకుంటూ పోయారు, ఆమె మళ్ళీ కడిగింది. చూసినవాళ్ళకు అర్థమైంది, ఇన్నాళ్ళూ ఆ నేల తనంతట తాను శుభ్రంగా లేదని. కానీ నాకొక సందేహం. రోజూ ఆ మ్యూజియం తుడిచే మనిషి పేరు ఎక్కడైనా రాసి ఉందా?

లెక్కలు కావాలనేవాళ్ళకు లెక్కలున్నాయి. దేశవ్యాప్తంగా మొదటిసారి 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం ఒక రోజులో జీతం లేని ఇంటిపని చేసినవాళ్ళు ఆడవాళ్ళలో నూటికి 81 మంది, మగవాళ్ళలో 26 మంది. చేసినవాళ్ళలో ఆడవాళ్ళకు సగటున పట్టింది 299 నిమిషాలు, మగవాళ్ళకు 97. 2024లో మళ్ళీ లెక్క తీశారు. ఆడవాళ్ళవి 289 అయ్యాయి. మగవాళ్ళు అందుకున్నారేమో అనుకుంటాం కదా, వాళ్ళవి 88 అయ్యాయి! ఐదేళ్ళలో మనకు పది నిమిషాలు తగ్గితే వాళ్ళకూ తొమ్మిది తగ్గాయి. పంపకం మారలేదు. మిక్సీలూ మాపు కర్రలూ వచ్చాయి, అంతే.

న్యాయస్థానాలు కూడా ఈ పనికి విలువ కడతాయి. ఎప్పుడు? ఆ మనిషి పోయాక. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు చనిపోయిన గృహిణుల సేవలకు నెలకు మూడు వేలని లెక్క కట్టింది. 2021 జనవరిలో ఢిల్లీ రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ ఆ 299, 97 నిమిషాల లెక్కను తీర్పులో ప్రస్తావించి, గృహిణికి ఆదాయం లేదనడం తప్పని రాశారు. సంతోషమే. కానీ మా సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే జాతీయ రహదారి మీద లారీ కింద పడితే తప్ప మా అక్క పనికి ధర లేదా? బతికుండగా ఆమె తుడుపుకు విలువ కట్టే బీమా ఎక్కడుంది?

జీతమిచ్చి చేయించుకునే పని సంగతి చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ఇంటిపనివాళ్ళను కనీస వేతనాల పరిధిలోకి తెచ్చారు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ హక్కుల ఒప్పందానికి మన ప్రభుత్వం చెయ్యెత్తి ఓటు వేసింది, ఇంతవరకూ దానికి ఆమోదముద్ర వెయ్యలేదు. ప్రభుత్వాన్ని తిడదాం. తిడుతూనే మనల్ని మనం అడుగుదాం, మన ఇంట్లో పనిచేసే మనిషికి కనీసవేతనం ఎంతో మనలో ఎంతమందికి తెలుసు? వారానికి ఒకరోజు సెలవు ఇస్తున్నామా? సీసా చేతికిచ్చేముందు అందులో ఏముందో చెబుతున్నామా?

"పనిమనిషిని మానిపిస్తే ఆమెకు ఉపాధి ఎట్లా?" అంటారు. మానిపించమనడం లేదు. ఆమె పనిని పని అనమంటున్నాను. నిలబడి తుడిచే కర్ర కొనిస్తే రెండువందలో మూడువందలో అవుతుంది, ఎందుకు కొనం? "కర్రతో అయితే మూలల్లో మురికి పోదు" అంటాం. మూలలో మురికి పోవడానికి ఆమె మోకాళ్ళు పోయినా ఫర్వాలేదన్నమాట. "మా ఇల్లు, మా శుభ్రత, దీంట్లో రాజకీయమేంటి" అని కూడా అంటారు. తుడిచే మనిషీ, తొక్కే మనిషీ వేరువేరు అయిన చోటల్లా రాజకీయం ఉంది.

ఇంకో మాట మన పత్రికలకు. మహిళల పేజీల్లో చిట్కాలు వేస్తారు. స్టీలు మీద మచ్చ పోవాలంటే, గ్రానైట్ మెరవాలంటే అంటూ. చిట్కాలతో నాకు పేచీ లేదు, పైన నేనూ రాశాను. వాటిని మహిళల పేజీలో ఎందుకు వేస్తారని నా పేచీ. ఆటల పేజీలో వెయ్యండి, మార్కెట్ ధరల పక్కన వెయ్యండి. గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు, మెత్తటి గుడ్డ, గీత వైపుకే తుడుపు, చివర పొడిగుడ్డ. యాసిడ్ వద్దు, బ్లీచింగ్ వద్దు, రెండూ కలిపి అసలే వద్దు. దీనికి గర్భసంచి అవసరం లేదు.

మా అక్క ఆ ఆదివారం తర్వాత రెండు పనులు చేసింది. ఆ పనామె ఇంటిని వెతుక్కుంటూ పోయి క్షమించమని అడిగింది. ఆమె ఏమందో అక్క నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికొచ్చి బావ ముందు బకెట్టు పెట్టి, "నీ రేకు నువ్వే తెచ్చినవు, నువ్వే తుడువు. నాకు బండలు చాలు" అంది. నెల రోజులు ఇంట్లో యుద్ధం. ఇప్పుడు బావ రాత్రిపూట తుడుస్తున్నాడు. నల్లమచ్చలు మాత్రం పోలేదు. అక్క వాటిని పాలిష్ పట్టించనివ్వలేదు.

మొన్న పోయినప్పుడు ఎవరో బంధువులొచ్చారు. బావ వాళ్ళను వంటింట్లోకి తీసుకుపోయి చూపిస్తున్నాడు. "రోజూ నేనే తుడుస్త" అంటున్నాడు. వాళ్ళు "అబ్బ, ఎంత మంచోడివి! మా చెల్లె అదృష్టవంతురాలు" అంటున్నారు. అక్క ఇరవై ఏడేళ్ళు తుడిచింది. ఆమెను ఎవరూ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఈసారి నేను నవ్వలేదు.